పాత సామాన్లతో షాపుకి గాలి కంప్రెసర్: ఏది తుక్కులో తేవచ్చు, ఏది కొత్తదే కొనాలి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. గాజువాకలో చిన్న బైక్ రిపేర్ షాపు, ఇంట్లో పాత ఫ్రిజ్ కంప్రెసర్లు రెండు, ఖాళీ గ్యాస్ సిలిండర్ ఒకటి, ఇవన్నీ కలిపి గాలి మిషన్ చేసుకుంటే టైర్లకి గాలి, కార్బొరేటర్లు ఊదుకోడం, అప్పుడప్పుడు పెట్రోల్ ట్యాంకుకి స్ప్రే కొట్టుకోడం, ఈ మూడు పనులకీ సరిపోద్దా అని అడిగావు. మీ ఫ్రెండు సిలిండర్ చాలా గట్టిది ఏం కాదు చేసేయమన్నాడని కూడా రాశావు.

ముందు పొట్టిగా చెప్పేస్తాను. ఫ్రిజ్ కంప్రెసర్ పెయింట్‌కి చాలదు, గ్యాస్ సిలిండర్ అసలు ముట్టుకోవద్దు. మిగతా ఆలోచన మాత్రం బాగుంది, మన వైజాగ్‌లో తుక్కుకి కొదవేముంది, ఒక పక్క స్టీల్ ప్లాంటు ఇంకో పక్క షిప్‌యార్డు మధ్యలో ఆటోనగర్. హెడ్డు (గాలిని నొక్కే పిస్టన్ల భాగం), మోటరు, పుల్లీ, ఫ్రేము, రాగి పైపు అన్నీ పాతవి తెచ్చుకో, నేనే తెచ్చుకోమంటాను. కానీ సేఫ్టీ వాల్వు, ప్రెషర్ స్విచ్ కొత్తవి కొను, ట్యాంకు మాత్రం కొత్తదైనా కొను లేకపోతే పాతది పరీక్ష చేయించాకే బిగించు. ఇందులో కక్కుర్తి పడితే మిగతాదంతా ఎంత బాగా చేసినా దండగే.

ఫ్రిజ్ కంప్రెసర్ సంగతి చూద్దాం. లోపల పిస్టన్ బొటనవేలంత ఉంటుంది, ఒక చుట్టుకి ఓ 6 సీసీ గాలి తీస్తుంది అనుకో, నిమిషానికి 2,900 చుట్లు తిరిగినా మహా అయితే 17 లీటర్లు. సీఎఫ్ఎంలో (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి అని) అయితే 0.6, ఎందుకంటే 1 సీఎఫ్ఎం అంటే 28 లీటర్ల పైచిలుకు. మామూలు స్ప్రే గన్ను 5, 6 సీఎఫ్ఎం అడుగుద్ది, హెచ్‌వీఎల్‌పీ గన్ను (తక్కువ ప్రెషర్‌తో ఎక్కువ గాలి తోలేది) అయితే 10 దాకా అడుగుద్ది. రెండు కలిపినా నీకొచ్చేది 1.2, అంటే పెట్రోల్ ట్యాంకుకి ఓ పక్క రెండు స్ట్రోకులు కొట్టేసరికి గన్నులో గాలి పడిపోయి పెయింటు చుక్కలు చుక్కలుగా ఉమ్ముతుంది, మళ్ళీ పావుగంట కూర్చోవాలి, ఈలోపు ముందు కొట్టిన కోటు ఆరిపోద్ది.

ఇంకో ఇబ్బంది ఏటంటే ఫ్రిజ్ కంప్రెసర్ లోపలి మోటర్‌ని చల్లబరిచేది ఫ్రిజ్ నుంచి తిరిగొచ్చే చల్లటి గ్యాసే. మన వేసవి గాలి పీలిస్తే ఆ చల్లదనం ఎక్కడుంటుంది, కాసేపటికే డిప్ప మీద చెయ్యి పెట్టలేవు, ఓవర్‌లోడ్ కొట్టేసి ఆగిపోద్ది. ఆగాక పైపులో ప్రెషర్ ఉండగా మళ్ళీ స్టార్ట్ కాదు, హమ్మని మూలిగి ట్రిప్ అవుద్ది. ఫ్రిజ్ స్టెబిలైజర్లలో కరెంట్ వచ్చాక మూడు నిమిషాలు ఆగి ఆన్ అయ్యే టైమ్ డిలే పెట్టేది కూడా అందుకే, ఆ టైములో రెండు పక్కలా ప్రెషర్ సమానమైతేనే అది లేవగలదు. పైగా గాలితో పాటు నూనె కక్కుతూ ఉంటుంది, ఆ నూనె పెయింట్‌లో పడితే ఫిష్ ఐ, ట్యాంకు మీద గుంటలు గుంటలు. ఎయిర్ బ్రష్‌తో స్టిక్కర్ పని చేసేవాళ్ళకి, ఇంట్లో సైకిల్ ట్యూబులకి అయితే అది మంచిదే, సప్పుడు ఉండదు. నీ షాపుకి కాదు. అమ్మేద్దాం అనుకుంటే కూడా పైపు రంపంతో కోసి గ్యాస్ గాల్లోకి వొదిలేయకు, ఈ మధ్య ఫ్రిజ్‌లలో ఆర్600ఎ గ్యాస్ వాడుతున్నారు, అది ఐసోబ్యూటేన్, అంటుకుంటుంది. ఏసీ మెకానిక్‌ని పిలిచి తీయించు.

కారు ఏసీ కంప్రెసర్ వాడొచ్చా అని మళ్ళీ అడుగుతావేమో, దానికి సొంత నూనె గుంట ఉండదు, గ్యాస్‌తో పాటు తిరిగే నూనెతోనే బతుకుద్ది, ఉత్త గాలి తోలితే కొన్నాళ్ళకి పట్టేస్తుంది. లారీ బ్రేక్ కంప్రెసర్ కూడా అంతే, ఆటోనగర్‌లో టాటావి లేలాండ్‌వి కుప్పలు ఉంటాయి, చూడ్డానికి ఊరిస్తాయి, కానీ దానికి నూనె వచ్చేది ఇంజన్ ఆయిల్ లైన్ నుంచి, కొన్నిటికి హెడ్డులో నీళ్ళు కూడా తిరగాలి. విడిగా సంపు (నూనె గుంట), ఆయిల్ పంపు పెట్టి ఆడించినోళ్ళు ఉన్నారు గానీ ఆ తిప్పలకి అయ్యే ఖర్చులో మంచి బెల్ట్ హెడ్డు వస్తుంది.

కాబట్టి నువ్వు వెతకాల్సింది బెల్టుతో తిరిగే రెండు సిలిండర్ల హెడ్డు. టైరు షాపులోళ్ళు పెద్ద మిషన్ కొన్నాక పాతది తుక్కు కింద వొదిలేస్తారు, అందులో చాలావాటికి పోయింది మోటరో ట్యాంకో, హెడ్డు బాగానే ఉంటుంది. కింద సంపులో నూనె ఉంటుంది, కనెక్టింగ్ రాడ్ కింద చిన్న గరిటె లాంటి ముక్క ఉండి నూనెని చిమ్ముతుంది, అంతే సింపుల్. కొట్టు దగ్గరే చూడాల్సినవి చెప్తాను, మొహమాటపడకుండా చూడు. ముందు నూనె ప్లగ్గు తీసి వేలు పెట్టు, నల్లగా ఉంటే ఫర్లేదు, పాల టీ రంగులో ఉంటే లోపల నీళ్ళు నిలవ ఉన్నట్టు, బేరింగులు తుప్పు పట్టి ఉంటాయి. ఫ్లైవీల్‌ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ, కిందకీ మీదకీ ఊపు, టకటక మంటే బేరింగు పోయింది. ఎయిర్ ఫిల్టర్ తీసేసి గాలి పీల్చే చోట అరచెయ్యి మూసి చక్రం తిప్పు, చేతిని పీల్చి పట్టుకోవాలి. తర్వాత గాలి బయటికొచ్చే నిప్పిల్ దగ్గర బొటనవేలు గట్టిగా నొక్కిపెట్టి తిప్పు, రెండు మూడు చుట్లకే వేలిని ఎత్తేసి ఫట్ మని గాలి రావాలి. వేలు అలాగే ఉంచి చక్రం ఆపి, లోపలికి సస్ మని వెనక్కి పోతున్న సప్పుడు ఏదైనా వస్తుందేమో చెవి పెట్టు, వస్తే డెలివరీ వాల్వు రేకు సరిగా కూర్చోడం లేదు. అది పెద్ద రోగం కాదు, వాల్వు ప్లేటు విప్పి మసి గోకి, రేకులు మార్చి, కొత్త గాస్కెట్ వేస్తే పోద్ది. కానీ సంపు మీద ఊపిరి గొట్టంలోంచి గాలి బుసబుస వస్తుంటే రింగులు పోయినట్టు, బోరు కూడా అరిగిపోయి ఉంటే ఆ హెడ్డు వొగ్గేయ్.

రెండు సిలిండర్లూ ఒకే సైజా, ఒకటి లావు ఒకటి సన్నమా చూడు. ఒకే సైజు అయితే సింగిల్ స్టేజీ, రెండూ బయట గాలి పీలుస్తాయి. ఒకటి సన్నంగా ఉంటే టూ స్టేజీ, లావుది నొక్కిన గాలిని సన్నది ఇంకా నొక్కుద్ది, అందులో గాలి లెక్కకి లావు సిలిండరే తీసుకోవాలి. లారీ టైర్లోళ్ళకి టూ స్టేజీ కావాలి, నీకు అక్కర్లేదు, నీ పనులన్నీ 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల లెక్కన ప్రెషర్) లోపే.

ఇప్పుడు లెక్క. బోరు 65 ఎంఎం, స్ట్రోకు 50 ఎంఎం అనుకుందాం. ఒక సిలిండర్ 166 సీసీ, రెండూ 332. చక్రం నిమిషానికి 720 చుట్లు తిరిగితే 239 లీటర్లు. ఇది కాగితం మీద లెక్క, ఇలాంటి హెడ్డులో నిజంగా బయటికొచ్చేది నూటికి 65, 70 వంతులే, ఎందుకంటే పిస్టన్ పైన మిగిలిపోయే సందులో గాలి మళ్ళీ విప్పారుతుంది, వేడికి పలచబడుద్ది, రేకుల దగ్గర కొంత పోద్ది. అంటే 165 లీటర్లు, 6 సీఎఫ్ఎంకి కొంచెం తక్కువ. మామూలు గన్నుతో బైక్ ట్యాంకులు మడ్‌గార్డులు కొట్టుకోడానికి ఇది చాలు, కారు బాడీ మొత్తం కొట్టాలంటే చాలదు. 100 పీఎస్ఐ దగ్గర ఒక హెచ్‌పీకి మూడున్నర నుంచి నాలుగు సీఎఫ్ఎం అని గుర్తు పెట్టుకో, దాన్నిబట్టి నీకు 2 హెచ్‌పీ మోటర్ కావాలి. ఎవరైనా 1 హెచ్‌పీ మోటర్‌తో 10 సీఎఫ్ఎం అని అమ్మితే అది పిస్టన్ సైజు కట్టి చెప్పిన లెక్కే, గన్నులోకి వచ్చే గాలి కాదు.

మోటర్ ప్లేటు మీద 1,440 ఆర్‌పీఎం ఉన్నది చూసుకో. మోనోబ్లాక్ పంపుల మోటర్లు తుక్కులో చవగ్గా దొరుకుతాయి గానీ అవి 2,880, వాటికి మరీ చిన్న పుల్లీ పెట్టాల్సొస్తుంది, బి సెక్షన్ బెల్టు అంత చిన్న పుల్లీ మీద ఒంగలేక జారిపోయి కాలిపోద్ది. 1,440కి లెక్క తేలిక: హెడ్డు చక్రం 12 అంగుళాలు, నీకు 720 చుట్లు కావాలి, సగం, కాబట్టి మోటర్‌కి 6 అంగుళాల పుల్లీ. స్పీడు పెంచితే గాలి ఎక్కువొస్తుంది కదా అని పెద్ద పుల్లీ వేసేవాళ్ళు ఉంటారు, హెడ్డు వేడెక్కి రేకులు విరుగుతాయి, మోటరు ఆంపియర్లు ఎక్కుద్ది, వద్దు. పుల్లీ బోరు మోటర్ షాఫ్ట్‌కి సరిపోకపోతే ఆటోనగర్‌లో ఏ లేత్ దగ్గరైనా బోరు పెంచి కీ వే కొట్టిస్తారు, గ్రబ్ స్క్రూ ఒక్కటే పెట్టి సరిపెట్టకు. హెడ్డు చక్రం మీద రెక్కలు ఉంటాయి చూడు, అవి గాలిని సిలిండర్ల మీదకి తోలాలి, బాణం గుర్తు ఉంటే ఆ వైపే తిరగాలి, త్రీ ఫేజ్ మోటర్ అయితే రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే దిశ మారిపోద్ది. బెల్టుకి జాలీ గార్డు తప్పకుండా పెట్టు, షాపులో పిల్లలు తిరుగుతుంటారు, లుంగీ కట్టుకునేవాళ్ళు తిరుగుతుంటారు.

సింగిల్ ఫేజ్ 2 హెచ్‌పీ మోటర్ నడిచేటప్పుడు పది పదకొండు ఆంపియర్లు తింటుంది, లేచేటప్పుడు దానికి ఐదారు రెట్లు లాగుద్ది. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే ఆ లేచే టైముకి వోల్టేజి పడిపోయి మోటరు మూలుగుతుంది, కండెన్సర్ పోయిందని మార్చి మార్చి విసుగెత్తిపోతావు, తప్పు వైరుది. మీటర్ నుంచి దూరాన్ని బట్టి 2.5 లేదా 4 స్క్వేర్ ఎంఎం వైరు, ఇళ్ళకి వేసే మామూలు ఎంసీబీ (ట్రిప్ స్విచ్) కాకుండా మోటరు లేచేటప్పటి లాగుడికి ట్రిప్ కాని సి కర్వ్ ఎంసీబీ సైజు చూసి వేయించు, ఎర్త్ మాత్రం నిజంగా భూమిలోకి వెళ్ళాలి. తుక్కులో కొన్న మోటర్‌ని ముందు రివైండింగ్ షాపులో మెగ్గర్ (వైండింగ్ నుంచి బాడీకి కరెంట్ లీకవుతోందా చూసే మీటర్) పెట్టించు, వర్షంలో తడిసిన మోటర్లు మన ఊళ్ళో చాలా తిరుగుతుంటాయి, పెయింట్ వేసేసి కొత్తదానిలా అమ్మేస్తారు.

ఇప్పుడు అసలు విషయం, ట్యాంకు.

గ్యాస్ సిలిండర్ గట్టిదే, మీ ఫ్రెండు చెప్పింది అబద్ధం కాదు. ఇంట్లో వాడే 14.2 కేజీల సిలిండర్‌లో 33.3 లీటర్ల నీళ్ళు పడతాయి, దాన్ని చదరపు సెంటీమీటర్‌కి 25 కేజీల ప్రెషర్ మీద పరీక్ష చేస్తారు. మరెందుకు వద్దంటున్నానంటే, ఒకటి, అది నీది కాదు, డిపాజిట్ కట్టి తెచ్చుకున్నది, సిలిండర్ గ్యాస్ కంపెనీదే. రెండు, దానికి ఉన్నది ఒకటే బెజ్జం, అదీ పైన. గాలి లోపలికి, బయటికి, గేజికి, సేఫ్టీ వాల్వుకి, నీళ్ళు దించడానికి కన్నాలు కావాలంటే కోయాలి, వెల్డింగ్ చేయాలి. లోపల గ్యాస్ ఖాళీ అయిపోయిందనుకుంటాం, గోడలకి పట్టిన జిడ్డులో ఇంకా ఉంటుంది, వెల్డింగ్ వేడికి అది ఆవిరై లేస్తుంది, గాలితో కలిసిన ఆ కొంచెం గ్యాస్ చాలు. మూడు, ఆ సిలిండర్ లోపల ఎప్పుడూ గ్యాసే ఉంటుంది కాబట్టి తుప్పు పట్టదు, నువ్వు అందులో మన సముద్రపు గాలి నొక్కితే అడుగున నీళ్ళు చేరి, దించడానికి దారి లేక, బయటికి ఎర్రగా మెరుస్తూనే లోపల నుంచి తినేస్తుంది.

ఏసీ వాళ్ళు పారేసే గ్యాస్ డబ్బాలు ఉంటాయి, ఒకసారి వాడి పడేసేవి, అవి పలచటి రేకు, వాటినీ వాడకు. పీవీసీ పైపుతో ట్యాంకు చేసినోళ్ళ వీడియోలు కూడా తిరుగుతున్నాయి, పీవీసీ పగిలితే చిరగదు, గాజు పెంకుల్లా ముక్కలై ఎగురుద్ది, గాలి లైనుకి కూడా పీవీసీ వద్దు. షిప్పుల నుంచి వచ్చిన గాలి బాటిళ్ళు ఎప్పుడైనా తుక్కులో కనపడతాయి, పెద్ద ఇంజన్లని స్టార్ట్ చేయడానికి 30 బార్ (బార్ అంటే దాదాపు ఒక కేజీ ప్రెషర్) గాలి నిలవ ఉంచేవి, గోడ మందం చూస్తే ముచ్చటేస్తుంది గానీ నలుగురు పట్టినా లేవదు, నీ షాపులో పట్టదు.

నీకు సరిపోయేవి రెండు. పాత కంప్రెసర్ ట్యాంకు, ప్లేటు ఇంకా అంటుకుని ఉండి దాని మీద వర్కింగ్ ప్రెషర్, టెస్ట్ ప్రెషర్ చదవగలిగేలా ఉండాలి, ప్లేటు గీకేసి ఉంటే వద్దు. లేదా లారీ ఎయిర్ బ్రేక్ ట్యాంకులు, అవి గాలి కోసమే చేసినవి, కన్నాలు ముందే ఉంటాయి, కింద డ్రెయిన్ ఉంటుంది, బ్రేకులు ఆడేది 8 బార్ అటూ ఇటూ. రెండు మూడు ట్యాంకులు లైన్లో కలుపుకుంటే 80, 100 లీటర్లు వస్తుంది.

ఏది తెచ్చినా నాలుగు పనులు చెయ్యి. మొదట బయట పెయింట్ మొత్తం గోకేయి, ముఖ్యంగా అడుగు భాగం, కాళ్ళు అతికిన చోటు, డిష్ చివర్ల (గిన్నెలా ఉబ్బిన రెండు కొసల) వెల్డింగ్ పక్కన. పెయింట్ బుడగలాగా లేచిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడువు. తర్వాత చిన్న గుండు సుత్తి తీసుకుని పక్క గోడ మీద మెల్లగా కొట్టి ఆ సప్పుడు విను, గణగణ మంటుంది, అలా కొట్టుకుంటూ అడుగుకి రా, ఎక్కడైతే మోగడం మానేసి టప్ టప్ మంటుందో అక్కడ లోపల తుప్పు పొరలు కట్టి ఉంది. అడుగున డ్రెయిన్ ప్లగ్గు విప్పి ట్యాంకుని ఒంచితే ముందు ఎర్ర నీళ్ళు వస్తాయి, అది మామూలే, ఆ నీళ్ళ వెనకాల బిస్కెట్ ముక్కల్లా పొరలు రాలితే ట్యాంకు తుక్కు కొట్టుకే తిరిగిచ్చేయి. ఫోనుకి తగిలించుకునే పాము కెమెరాలు ఇప్పుడు చవక, కన్నంలోంచి దింపి అడుగంతా చూడు.

రెండోది మందం. మన ఊళ్ళో ఇది చాలా తేలిక, రిఫైనరీకి, షిప్‌యార్డుకి, స్టీల్ ప్లాంటుకి పనిచేసే ఎన్‌డీటీ (కోయకుండా, పగలగొట్టకుండా ఇనుముని పరీక్షించే) కుర్రాళ్ళు బోల్డుమంది, మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజి జేబులో పెట్టుకుని తిరుగుతారు. ఎవరినైనా పట్టుకుని పక్కన ఎంత ఉంది, అడుగున ఎంత ఉంది చూపించు. ఎందుకంటే లెక్క ఇలా ఉంటుంది: 30 సెంటీమీటర్ల వ్యాసం ట్యాంకు, 8 కేజీల ప్రెషర్, 3 ఎంఎం గోడ అయితే ఇనుము మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటర్‌కి 400 కేజీలు. మామూలు ఎంఎస్ ఇనుము సాగడం మొదలెట్టేది దాదాపు 2,500 దగ్గర, కాబట్టి హాయిగా ఉంటుంది. అడుగున తుప్పు తిని 1 ఎంఎం మిగిలితే ఒత్తిడి 1,200. అర ఎంఎం మిగిలితే 2,400, అంటే అంచు మీద ఉన్నావు, అదీ రోజుకి ఎన్నోసార్లు నిండి ఖాళీ అయ్యే ట్యాంకు. ఆ ట్యాంకు చివర డిష్ ఒక్కదాని మీదే 8 కేజీల దగ్గర ఐదున్నర టన్నుల తోపు ఉంటుంది. ఒక లారీ ఎక్కించే బరువు నీ మోకాళ్ళ పక్కన కూర్చుని ఉంటుంది.

మూడోది నీళ్ళ పరీక్ష. గాలితో పరీక్ష చేయొద్దు, గాలి నొక్కుకుని శక్తి దాచుకుంటుంది, ట్యాంకు విడిపోతే ఆ శక్తంతా ఒక్కసారి బయటికొస్తుంది. నీళ్ళు నొక్కుకోవు, గోడ విచ్చినా ఓ చెంచాడు కారి ప్రెషర్ సున్నా అయిపోద్ది. ట్యాంకుని నీళ్ళతో పూర్తిగా నింపు, పైన ఒక కన్నం తెరిచిపెట్టి బుడగ లేకుండా పొంగేదాకా నింపి మూసేయి. ప్లంబర్ల దగ్గర పైపు లైన్లు టెస్ట్ చేసే చేతి పంపు ఉంటుంది, అద్దెకి తీసుకో. ఎక్కించే ముందు టేపుతో ట్యాంకు నడుము చుట్టుకొలత రాసిపెట్టుకో. 8 కేజీల మీద వాడతావు కాబట్టి మెల్లగా 12 దాకా ఎక్కించి అరగంట ఆపు. ముల్లు దిగకూడదు, ఎక్కడా చెమ్మ కనపడకూడదు. ప్రెషర్ దించేశాక మళ్ళీ చుట్టుకొలత చూడు, ముందు ఎంతుందో అంతే రావాలి, పెరిగి అలాగే ఉండిపోతే ఇనుము సాగిపోయింది, ఆ ట్యాంకు అయిపోయింది.

నాలుగోది, చెయ్యకూడని పని: ట్యాంకు మీద వెల్డింగ్. మోటర్ బల్ల పెట్టడానికి నాలుగు కాళ్ళు అతికేద్దాం అనిపిస్తుంది, మా లైన్లో సగం మిషన్లు అలాగే ఉన్నాయి కూడా. యాంగ్లర్‌తో (ఎల్ ఆకారం ఇనుప బద్దీలతో) విడిగా ఫ్రేము చేసి పైన హెడ్డు, మోటరు బిగించు, కింద ట్యాంకుని పాత టైరు రబ్బరు ముక్కల మీద పడుకోబెట్టి పట్టీలతో కట్టు, డ్రెయిన్ వైపుకి కొంచెం వాలుగా. వణుకంతా ఫ్రేము తీసుకుంటుంది, ట్యాంకు వెల్డింగుల దగ్గర పగుళ్ళు రావు. చిన్న చిల్లు పడితే ఎం-సీల్ పెట్టి, ఇంకోసారి బ్రేజింగ్ పెట్టి నడిపే టైరు షాపు ఒకటి మా పక్కనే ఉండేది. చిల్లు ఒకటి పడిందంటే చుట్టూ అంతా కాగితంలా అయిపోయిందని అర్థం, దానికి అతుకు వేయడం అంటే తెలిసి తెలిసి బాంబుకి బొట్టు పెట్టడమే.

ట్యాంకు మీద పెట్టే సామాన్లకి వద్దాం. సేఫ్టీ వాల్వు కొత్తది, రింగు లాగితే ఊదేది, నీ స్విచ్ ఆగే ప్రెషర్ కంటే కొంచెం ఎక్కువకి సెట్ చేసినది, స్విచ్ 115 పీఎస్ఐకి (దాదాపు 8 కేజీలు) ఆపితే వాల్వు 125కి. ట్యాంకు రేటింగ్‌ని మాత్రం దాటకూడదు. దానికీ ట్యాంకుకీ మధ్య మూసేసే ఏ కుళాయీ పెట్టకూడదు. వాల్వు సైజు కూడా చూడు, హెడ్డు ఇచ్చే గాలి మొత్తాన్ని అది ఒక్కటే వదిలేయగలగాలి. బిగించాక స్విచ్‌ని కాసేపు బైపాస్ చేసి, దగ్గర నిలబడి, ముల్లు చూస్తూ వాల్వు నిజంగా ఊదుతుందో లేదో చూడు, ముల్లు ఆ గుర్తు దాటితే వెంటనే మెయిన్ ఆపేయి. తర్వాత వారానికోసారి రింగు లాగుతూ ఉండు, ఉప్పు గాలికి పట్టేస్తాయి.

ప్రెషర్ స్విచ్ కొనేటప్పుడు పక్కన చిన్న అన్‌లోడర్ వాల్వు ఉన్నది కొను. మోటరు ఆగిన వెంటనే అది హెడ్డుకీ ట్యాంకుకీ మధ్య పైపులో గాలిని తుస్ మని వదిలేస్తుంది, లేకపోతే మోటరు ఆ ప్రెషర్ మీద మళ్ళీ లేవలేదు. ఇది పనిచేయాలంటే ట్యాంకు మూతి దగ్గర నాన్ రిటర్న్ వాల్వు (గాలిని ఒక వైపుకే పోనిచ్చేది) ఉండాలి. స్విచ్ ఆగాక తుస్ మనే సప్పుడు ఆగకుండా వస్తూనే ఉంటే చాలామంది స్విచ్ పోయిందని మార్చేస్తారు, పోయింది స్విచ్ కాదు, నాన్ రిటర్న్ వాల్వులో మసి చేరి ట్యాంకు గాలి వెనక్కి వచ్చేస్తోంది. విప్పి కడిగితే చాలు.

హెడ్డు నుంచి వచ్చే గాలి చెయ్యి కాలేంత వేడి, నూరు డిగ్రీలు దాటిపోద్ది, కాబట్టి ఆ పైపు రాగిదే ఉండాలి, రబ్బరు హోసు కాదు. పాత ఏసీల రాగి పైపు అర అంగుళంది ఓ రెండు మూడు మీటర్లు తెచ్చి చక్రం గాలి తగిలేలా రెండు చుట్లు చుట్టి పెట్టు, ఫ్లేర్ నట్లతో బిగించు. ఆ చుట్లు వణుకు తట్టుకుంటాయి, గాలినీ చల్లబరుస్తాయి, చల్లబడితే నీళ్ళు ట్యాంకులోనే పడతాయి, గన్నులోకి రావు.

నీళ్ళ గురించి ఇంకొంచెం చెప్పాలి, వైజాగ్‌లో ఇది మామూలు సంగతి కాదు. 32 డిగ్రీల ఎండ, నూటికి 75 తేమ అనుకుంటే ఒక ఘనపు మీటర్ గాలిలో దాదాపు 25 గ్రాముల నీళ్ళు ఆవిరిగా ఉంటాయి. నీ మిషన్ గంట ఆగకుండా ఆడితే 10 ఘనపు మీటర్ల గాలి పీలుస్తుంది, అంటే 250 గ్రాములు. నొక్కాక ఆ గాలి తొమ్మిదో వంతు జాగాలోకి వచ్చేస్తుంది, అంత తేమని మొయ్యలేదు, గాలి 40 డిగ్రీలకి చల్లారేసరికి ముప్పావు వంతు నీళ్ళై అడుగున పడుద్ది. గంటకి ఓ గ్లాసుడు. వానాకాలం ఇంకా ఎక్కువ. హైదరాబాద్‌లో ఎండాకాలం వారానికోసారి డ్రెయిన్ తిప్పేవాడు ఇక్కడికొచ్చి అదే అలవాటు పెట్టుకుంటే రెండేళ్ళలో ట్యాంకు పోద్ది. కింద ప్లగ్గు వద్దు, దానికోసం ఒంగి స్పానర్ పట్టాలంటే ఎవరూ చేయరు, ఒక ఎల్బో, పైపు ముక్క వేసి బయటికి తెచ్చి బాల్ వాల్వు పెట్టు, సాయంత్రం షట్టర్ వేసే ముందు కొంచెం ప్రెషర్ ఉండగా కాలితో తిప్పేలా ఉండాలి. పెయింట్ లైనుకి మాత్రం రెగ్యులేటర్‌తో పాటు ఫిల్టర్ గిన్నె ఉన్నది పెట్టుకో, దాన్ని మిషన్ మీద కాకుండా గోడకి దూరంగా పెట్టు, గాలి అక్కడికొచ్చేసరికి చల్లారి ఉంటుంది, అప్పుడే గిన్నెలో నీళ్ళు పట్టుబడతాయి.

నూనె 100 గ్రేడ్ కంప్రెసర్ ఆయిల్ పొయ్యి. బైక్ ఇంజన్ ఆయిల్ మిగిలింది కదా అని పోస్తారు, అందులో డిటర్జెంట్ కలుపుతారు, వేడికి వాల్వు రేకుల మీద మసి కట్టేస్తుంది. కొత్తగా బిగించాక మొదట ఓ అరగంట ట్యాంకు వాల్వు తెరిచిపెట్టి లోడ్ లేకుండా ఆడించు, నూనె మార్చు, అప్పుడు ప్రెషర్ ఎక్కించు. ఫిల్టర్ గొట్టం గ్రైండింగ్ చేసే చోటుకీ పెయింట్ కొట్టే చోటుకీ దూరంగా పెట్టు.

అంతా అయ్యాక ఖాళీ ట్యాంకు సున్నా నుంచి 8 కేజీలకి ఎంతసేపట్లో నిండుతుందో ఫోనులో టైమ్ చూసి గోడ మీద రాసిపెట్టు. 100 లీటర్ల ట్యాంకుకి 800 లీటర్ల గాలి కావాలి, నిమిషానికి 165 వస్తే ఐదు నిమిషాలు, ప్రెషర్ ఎక్కేకొద్దీ హెడ్డు కొంచెం మందగిస్తుంది కాబట్టి ఆరు దాకా అయినా బాగానే ఉన్నట్టు. పది పడితే సబ్బు నురగ పెట్టి లీకులు చూడు, లీకు లేకపోతే వాల్వు ప్లేటు విప్పు. ఆర్నెల్ల తర్వాత అదే టైమ్ మళ్ళీ చూస్తే హెడ్డు ఎంత అరిగిందో దానికదే తెలిసిపోద్ది.

హెడ్డు దొరికాక బోరు, స్ట్రోకు, చక్రం సైజు కొలిచి పెట్టు, పుల్లీ ఎంతదో లెక్కకట్టి చెప్తాను. ట్యాంకు తెస్తే ప్లేటు ఫోటో, అడుగు గోకాక ఫోటో రెండూ పెట్టు.